పొంగని తెల్లసొన

ఫిబ్రవరి 7, ఆదివారం

పొంగలేదు.

ఫిబ్రవరి 8, సోమవారం

నిన్న అంతకు మించి రాయబుద్ధి కాలేదు. ఇది నిరుడు ఆఫీసులో పంచిన డైరీ. మార్చి రెండో వారం దాకా మీటింగుల పేర్లున్నాయి, ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. పాత తేదీలు కొట్టేసి కొత్తవి వేసుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదు, మాత్రలేమైనా ఇవ్వమని మా జీపీ డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, మాట్లాడే మనిషి లేనప్పుడు కాగితం మీద పెట్టుకోమని సలహా చెప్పింది. మాత్రలు మాత్రం ఇవ్వలేదు.

నీలిమ పోయి నెల కావస్తోంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. క్రిస్మస్ వెళ్లాక జ్వరం వచ్చింది, కొత్త సంవత్సరం రోజున అంబులెన్సు వచ్చింది. ఎక్కబోతూ, "ప్రసాద్, ఇడ్లీ పిండి బయటే ఉంది, ఫ్రిజ్‌లో పెట్టు" అంది. నాకు ఎదురుగా నిలబడి చెప్పిన ఆఖరి మాట అదే. మిగతావన్నీ నర్సు పట్టుకున్న ఫోన్‌లోంచి వచ్చినవి. అంత్యక్రియలకు పదిమందిని రానిస్తామన్నారు. ఈ ఊళ్లో మాకు పదిమంది ఎక్కడున్నారు? నేనూ, మా అమ్మాయి మనస్వినీ వెళ్లాం. అంతే.

మనూకి ఎనిమిదేళ్లు. తిండి మానేసింది. అన్నం ముందు కూర్చుంటుంది, వాసన చూస్తుంది, పక్కకు నెట్టేస్తుంది. టోస్టు అంచులు కొరికి వదిలేస్తుంది. ఏమైందమ్మా అంటే, "ఐయామ్ గ్రాండ్, నాన్నా" అంటుంది. ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగున్నానని కావచ్చు, నా జోలికి రావద్దని కావచ్చు. అలాంటిది శుక్రవారం తనంతట తానే నా గదిలోకి వచ్చి, "సండే ష్మారన్ చేస్తావా?" అని అడిగింది. నెల్లాళ్లలో నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

కైజర్‌ష్మారన్. మా ఇంట్లో దాని పేరు చింపులట్టు. ఇక్కడికి రాకముందు ఆస్ట్రియాలో, లింజ్‌లో ఉన్నప్పుడు ఇంటి ఓనరమ్మ నీలిమకు నేర్పింది. పచ్చసొన పాలు, మైదా, చక్కెరతో కలుపుకోవాలి. తెల్లసొన విడిగా గిలక్కొట్టి నురగ గట్టిపడ్డాక అందులో మెల్లగా కలపాలి. పెనం మీద వెన్న వేసి దిబ్బరొట్టెంత మందాన పోసి, అడుగు ఎర్రబడ్డాక రెండు ఫోర్కులతో ముక్కలు ముక్కలుగా చింపెయ్యాలి. పైన చక్కెర పొడి, పక్కన ఉడకబెట్టిన ప్లమ్ పళ్లు. ఓనరమ్మ ఎండుద్రాక్ష రమ్ములో నానబెట్టేదట, నీలిమ ఆపిల్ జ్యూసులో నానబెట్టేది. శనివారం వెంకటేశ్వరస్వామిది కాబట్టి మా ఇంట్లో గుడ్డు ముట్టం. అందుకని ప్రతి ఆదివారం పొద్దున అదే.

ఆదివారం నేను పెందలాడే లేచేవాణ్ణి కాదు. మంచం మీద ఉండగానే వంటింట్లోంచి కవ్వం చప్పుడు వినిపించేది. చప్పుడు ఆగాక కాసేపటికి వెన్న కాగే వాసన వచ్చేది. అప్పుడు లేచి వెళ్లి తినేవాణ్ణి. నాకు తెలిసిందల్లా అంతే.

నిన్న ఆ కవ్వం తీసుకున్నాను. వాళ్లమ్మ ఇచ్చిన చెక్క కవ్వం, పట్టుకునే చోట నున్నగా అరిగిపోయింది. అరచేతుల మధ్య తిప్పుతుంటే చేతులు మండాయి గానీ తెల్లసొన మాత్రం పల్చగా, బుడగలు బుడగలుగా అలాగే ఉండిపోయింది. చేసింది అట్టు కాదు, తోలు. మనూ వంగి వాసన చూసింది.

"ఇట్ డజంట్ స్మెల్ లైక్ అమ్మాస్" అంది. దానికి కోపం లేదు. మర్యాదగా చెప్పింది.

ఫిబ్రవరి 14, ఆదివారం

పొంగలేదు. ఈసారి గుడ్లు ఫ్రిజ్‌లోంచి రెండు గంటల ముందే తీసి పెట్టాను.

నేను చేసే ఉద్యోగమే తప్పులు పట్టుకునేది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా పని చేయకపోతే ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలని కొత్త పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. అలాగే చేస్తున్నాను. పోయిన వారం చల్లటి గుడ్లు, ఈ వారం చల్లదనం పోయిన గుడ్లు. వచ్చే వారం తాజా గుడ్లు. ఎప్పటికో ఒకప్పటికి దొరుకుతుంది.

నేను బాగానే ఉన్నాను.

ఫిబ్రవరి 16, మంగళవారం

ఇవాళ ఇక్కడ పాన్‌కేక్ మంగళవారం. లెంట్ ఉపవాసాల ముందు రోజు ఊరంతా అట్లు పోసుకుంటారు. బడి ఇంకా కంప్యూటర్లోనే కదా, టీచరు పిల్లలందరినీ పాన్‌కేకులు చూపించమంది. తెర నిండా చిన్న చిన్న గళ్లల్లో అమ్మలు పెనాలు ఎగరేస్తున్నారు. మనూ కెమెరా కట్టేసింది. ఆ గడిలో నల్లగా దాని పేరు ఒక్కటే మిగిలింది.

ఆ టీచరుకు తెలియదా? తెలుసు. మర్చిపోయి ఉంటుంది. అందరూ మర్చిపోతున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక ఈమెయిల్ రాసి, పంపకుండా చెరిపేశాను.

ఫిబ్రవరి 20, శనివారం

విజయవాడ నుంచి కమల వదిన వీడియో కాల్. నీలిమకు ఒక్కగానొక్క అక్క. పిల్లల్లేరు. మొదట మనూతో మాట్లాడింది. మనూ అన్నింటికీ యా, నో అంది. తర్వాత ఫోన్ నాకిమ్మంది.

"మరిదిగారూ, ఏమీ అనుకోకండి. పిల్ల బుగ్గలు పీక్కుపోయాయండీ. ఫోన్‌లో చూస్తేనే నాకు కడుపు తరుక్కుపోతోంది. నా దగ్గరకు పంపండి కొన్నాళ్లు."

"ఎలా పంపను వదినా, దానికి నేనూ నాకు అదీ..."

"మీరు మగాళ్లు, ఆఫీసు పని చూసుకుంటారా, పిల్లను చూసుకుంటారా? అక్కడ ఐదు కిలోమీటర్లు దాటి వెళ్లనివ్వడం లేదంటున్నారు. ఇక్కడ బడులు తెరిచారు, పెళ్లిళ్లు జరుగుతున్నాయి, మాస్కులు కూడా ఎవరూ పెట్టుకోవడం లేదు. కరోనా పోయిందండీ. నా చెల్లెలి పిల్ల నాకు బరువా?"

ఆమె ఏడ్చింది. నేను ఆలోచిస్తానన్నాను. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు, పంపను. మనూ లేకుండా ఈ ఫ్లాట్‌లో నేనేం చేస్తాను?

ఫిబ్రవరి 21, ఆదివారం

పొంగలేదు. గుడ్లు తాజావే.

ఒక మాట ఇక్కడ మాత్రమే రాసుకుంటున్నాను. ఏదో ఒక ఆదివారం ఇది కుదిరి మనూ ప్లేటు ఖాళీ చేస్తే, పిల్లను పంపను. కుదరకపోతే, నా చేతిలో ఏమీ లేదని ఒప్పుకొని పంపేస్తాను. పిచ్చి పందెం అని తెలుసు. దేవుడికి మొక్కడం ఆ హాస్పిటల్ కారు పార్కులోనే మానేశాను, అందుకని గుడ్లకు మొక్కుతున్నాను.

మార్చి 5, శుక్రవారం

సోమవారం నుంచి చిన్న తరగతులకు బడి తెరిచారు. మనూ రెండో క్లాసు. వెళ్తోంది. లంచ్ బాక్సు ఎలా వెళ్లిందో అలా వస్తోంది. ఇవాళ టీచరు ఫోన్ చేసింది. ఆటస్థలంలో ఒక్కతే గోడ పక్కన నిలబడుతోందట, ఎవరైనా పిలిస్తే గ్రాండ్ అంటోందట. "ఇంట్లో తింటోందా?" అని మెల్లగా అడిగింది. తింటోందని చెప్పాను. అబద్ధం చెబుతున్నానని ఆమెకూ తెలిసింది.

సాయంత్రం అబ్రహాము గారు ఫోన్ చేశారు. రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవారు, తెలుగువాళ్ల వనభోజనాల్లో పరిచయం. ఉద్యోగం వదిలేసి భార్యతో గుంటూరు వెళ్లిపోతున్నారట, ఇరవయ్యో తేదీకి టికెట్లు. "పాపను పంపాలనుకుంటున్నారని విన్నాం. మా మనవరాలిలా తీసుకెళ్తాం బాబూ" అన్నారు. వదినే చెప్పించి ఉంటుంది. నేను ఇంకా ఏమీ అనుకోలేదన్నాను.

మార్చి 7, ఆదివారం

పొంగలేదు. గిన్నె మార్చాను. స్టీలుది కాకుండా గాజుది.

మనూ వంటింటి స్టూలు మీద కూర్చుని నేను కవ్వం తిప్పుతున్నంతసేపూ చూసింది. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచింది. ఏంటమ్మా అన్నాను. "నథింగ్" అంది. తర్వాత దగ్గరకొచ్చి నా చొక్కా చేతితో నా ముఖం తుడిచింది.

మార్చి 14, ఆదివారం

ఇక్కడ ఇవాళ మదర్స్ డే. నాకు గుర్తు లేదు, షాపులో పూలు చూసేదాకా. శుక్రవారం బడిలో అందరి చేతా కార్డులు చేయించారట. మనూ కూడా ఒకటి చేసింది. బ్యాగులో అంచు కనిపించింది, గులాబీ రంగు కాగితం. చూపించమంటే బ్యాగు వెనక్కు లాక్కుంది. తర్వాత బ్యాగు వెతికితే కార్డు లేదు.

మైదా మార్చాను. పాలు మార్చాను. పెనం కొత్తది. అసలు ఇవాళ ఎలాగైనా పొంగి తీరుతుందనుకున్నాను, ఈ రోజున కూడా అంత అన్యాయం చేయదనుకున్నాను. ఎవరు చేయదు? ఎవరి గురించి రాస్తున్నాను? చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పాను. గిన్నెలో నీళ్లు. ఉన్నట్టుండి గిన్నె ఎత్తి సింకులో కొట్టాను. గాజు గిన్నె పగిలింది. మనూ చెవులు మూసుకుంది.

అది వచ్చి ముక్కలు ఏరబోయింది. "ముట్టుకోకు!" అని అరిచాను. బిగుసుకుపోయింది. ఆ బిగుసుకుపోవడం నేను చూడలేకపోయాను. మీసాలొచ్చిన మనిషిని, నా కోపం చూసి ఎనిమిదేళ్ల పిల్ల ఊపిరి బిగబట్టింది.

మధ్యాహ్నం అబ్రహాము గారికి ఫోన్ చేశాను.

మార్చి 17, బుధవారం

మనూకి చెప్పాను. కొన్నాళ్లే, పెద్దమ్మ దగ్గర, అక్కడ ఎండ ఉంటుంది, మామిడికాయలు వస్తాయి. అంతా విని, "డిడ్ ఐ డూ సమ్‌థింగ్?" అని అడిగింది. లేదమ్మా, నువ్వేం చేయలేదు అన్నాను. "ఈజ్ ఇట్ ద ష్మారన్? ఐ విల్ ఈట్ ఇట్, నాన్నా. ఐ విల్ ఈట్ ఇట్ లైక్ దట్."

ఎలా ఉన్నా తినేస్తానంటోంది. నేను లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకున్నాను.

నేను చేస్తున్నది సరైన పనే.

మార్చి 20, శనివారం

పంపేశాను. ఎయిర్‌పోర్టు దారిలో గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడిగారు. కాగితాలు చూపించి విషయం చెప్పాను. ఆ పోలీసాయన వంగి వెనక సీట్లో మనూని చూసి, టోపీ సర్దుకుని, "ఐయామ్ సారీ ఫర్ యువర్ ట్రబుల్" అన్నాడు. ఇక్కడ చావింట్లో అనే మాట అది. పిల్ల బతికే ఉందయ్యా అనబోయాను.

మనూ ఏడవలేదు. అబ్రహాము గారి భార్య చెయ్యి పట్టుకుని, ఒక్కసారే వెనక్కు తిరిగి చెయ్యి ఊపింది.

మార్చి 21, ఆదివారం

చేయలేదు.

మార్చి 29, సోమవారం

వదిన ఫోటోలు పంపింది. మనూ ముద్దపప్పు అన్నం తింటోంది. వదిన కలిపి పెడితే తింటోందట. వదిన భర్త బుచ్చిబాబు అన్నయ్యగారు సాయంత్రం బండి మీద ముందు నిలబెట్టుకుని తిప్పుతున్నారట. ఇవాళ ఫోన్‌లో, "నేను ఆవకాయ తిన్నా నాన్నా, నోరు కాలింది" అంది. తెలుగులో. దాని నోట ఇంత తెలుగు నేనెప్పుడూ వినలేదు.

చూశావా, సరైన పనే చేశాను. ఎవరికి చెబుతున్నానో తెలియదు. వంటింటి వైపు తిరిగి పైకే అన్నాను.

ఏప్రిల్ 13, మంగళవారం

ఉగాది. మనూ పట్టుపరికిణీలో తిరిగి చూపించింది. బుగ్గలు వచ్చాయి. పచ్చడి చేదుగా ఉందని ముఖం వికారంగా పెట్టింది. నేను ఇక్కడ బ్రెడ్డు తిన్నాను.

విజయవాడలో కేసులు పెరుగుతున్నాయట. "మన వీధిలో ఏమీ లేవండీ" అంది వదిన. నేను గూగుల్లో చూశాను. తర్వాత చూడటం మానేశాను. తర్వాత మళ్లీ చూశాను.

ఏప్రిల్ 19, సోమవారం

బుచ్చిబాబు గారికి జ్వరం. ఎండదెబ్బ అంటున్నారు.

ఏప్రిల్ 21, బుధవారం

ఎండదెబ్బ కాదు.

ఏప్రిల్ 23, శుక్రవారం

ఆయనకు ఆక్సిజన్ బెడ్ కోసం ఆరు హాస్పిటళ్లు తిరిగారు. చివరికి ఎవరో తెలిసినవాళ్ల ద్వారా ఒకటి దొరికింది. వదినకూ పాజిటివ్. లోపలి గదిలో తలుపేసుకుని ఉంది. మనూ ముందు గదిలో ఒక్కతే. దానికి మాత్రం నెగటివ్ వచ్చింది. మేడమీద అద్దెకుండే సూర్యప్రభ గారు గుమ్మం బయట స్టూలు మీద అన్నం పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోతారట. ఆమె పైకెళ్లాక మనూ తలుపు తీసి తెచ్చుకోవాలి. కొంత తను తిని, కొంత పెద్దమ్మ గది ముందు పెట్టాలి.

వదిన తలుపు వెనకనుంచే నాతో మాట్లాడింది. దగ్గు మధ్యలో, "మరిదిగారూ, పిల్లను తెచ్చి ఈ కొంపలో పడేశానండీ. నన్ను క్షమించండి" అంది. ఆమెను నేనేమని క్షమించను? పంపింది నేను. ఒక అట్టు పొంగలేదని పంపాను.

ఎన్ని రకాలుగా రాసుకున్నా అంతే. ఇక్కడ నా పక్కన ఉండాల్సిన పిల్లను నా చేత్తో విమానం ఎక్కించి నిప్పుల్లోకి పంపాను. ఆకలితోనైనా ఇక్కడ క్షేమంగా ఉండేది. నీలిమ ఉంటే నన్ను గుమ్మంలోకి రానిచ్చేది కాదు.

ఏప్రిల్ 26, సోమవారం

టికెట్ దొరికింది. వచ్చే మంగళవారం, మే నాలుగు, దోహా మీదుగా హైదరాబాదు. ఈలోగా వెళ్లేవన్నీ రద్దయ్యాయి. విమానం ఎక్కాలంటే నెగటివ్ టెస్టు ఉండాలి, ఆదివారం పొద్దునకు బుక్ చేశాను. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరినీ హోటల్లో బంధిస్తారట. బంధించనీ. మనూతో ఒక గదిలో బంధిస్తే అంతకంటే నాకేం కావాలి?

మనూకి చెప్పాను. "మంగళవారం ఎక్కుతావా? అంటే బుధవారం వస్తావా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. "నేను లోపల గడియ పెట్టుకుంటాను. నువ్వు వచ్చి నాన్న అంటే తీస్తాను."

వేడినీళ్లు రావడం లేదని వారం క్రితం చెబితే ఫ్లాట్ల ఆఫీసువాళ్లు ఇవాళ మనిషిని పంపారు. మాస్కు గడ్డం కింద పెట్టుకుని, నీళ్ల ట్యాంకు ఉండే అలమరాలో దూరి, దగ్గుకుంటూ గంటసేపు బాగుచేశాడు. దుమ్ము అన్నాడు. నేను పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నాను.

ఏప్రిల్ 29, గురువారం

తలనొప్పి. నిద్ర లేక. వదినకు జ్వరం తగ్గడం లేదు. బుచ్చిబాబు గారి సంగతి హాస్పిటల్‌వాళ్లు సరిగ్గా చెప్పడం లేదు.

ఏప్రిల్ 30, శుక్రవారం

ఈ కాఫీ పొడి ప్యాకెట్ బాగోలేదు. ఎంత వేసినా నీళ్లలా ఉంది. తిరిగొచ్చాక మార్చాలి.

సూట్‌కేసు సర్దాను. మాస్కులు, పారాసిటమాల్, ఆక్సీమీటర్, మనూకి ఇష్టమైన ఓట్ బిస్కెట్లు. దాని నీలం స్వెటర్ పెట్టి, మళ్లీ తీసేశాను. అక్కడ ఎండలు. మళ్లీ పెట్టాను. తిరిగొచ్చేటప్పుడు కావాలి.

మే 1, శనివారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే మనూ వీడియో కాల్ చేసింది. అక్కడ మధ్యాహ్నం. వెనక కిటికీ తలుపులు వేసి ఉన్నాయి. అన్నం తిన్నావా అంటే తిన్నానంది. పెద్దమ్మ ఎలా ఉందంటే, "తలుపు కొడితే తిరిగి కొడుతుంది" అంది. వాళ్లిద్దరూ అలా ఏర్పాటు చేసుకున్నారట. ఇటునుంచి రెండు దెబ్బలు, అటునుంచి రెండు దెబ్బలు.

తర్వాత, "నాన్నా, ష్మారన్ చేయవా? నేను చూస్తాను" అంది.

"ఇప్పుడా?"

"ఇవాళ శనివారం కదా, ఎగ్ ముట్టుకోకూడదు. రేపు చెయ్యి."

రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు. రేపు అక్కడ ఏం జరుగుతుందో ఎవరు చెప్పొచ్చారు? "పర్లేదమ్మా, స్వామికి నేను చెప్పుకుంటాను" అన్నాను. నీలిమ ఉండగా ఈ ఇంట్లో శనివారం గుడ్డు పగలడం ఇదే మొదలు. ఉండగా అని రాశాను. అలాగే ఉండనీ.

ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాను. సొనలు విడదీశాను. కవ్వం తీసుకున్నాను.

"అది కాదు నాన్నా" అంది మనూ.

"ఏది కాదు?"

"ఆ స్టిక్. అది చల్లకి. అమ్మ ముందు దాంతో చల్ల చేస్తుంది. తర్వాత వేరేదాంతో ఎగ్ వైట్ చేస్తుంది. దాంట్లో వెన్న ఉంటుంది, ఎంత కడిగినా పోదు. కొంచెం వెన్న ఉన్నా ఎగ్ వైట్ పొంగదని అమ్మ చెప్పింది. గిన్నె కూడా లెమన్‌తో రుద్దుతుంది."

నేను కవ్వాన్ని చూశాను. వాళ్లమ్మ చేతిలో, తర్వాత నీలిమ చేతిలో ఎన్నేళ్లు వెన్న తాగిందో ఆ చెక్క. ఆదివారం పొద్దున మంచం మీద పడుకుని నేను విన్నది నా మధ్యాహ్నపు మజ్జిగ చప్పుడు. గుడ్లు మార్చాను, గిన్నె మార్చాను, మైదా మార్చాను, పెనం మార్చాను. చివరికి పిల్లను కూడా ఇల్లు మార్చాను. ఇది మాత్రం మార్చాలని తోచలేదు.

"నీకు ముందే తెలుసా?"

"ఊ."

"మరి చెప్పలేదేం తల్లీ?"

"నువ్వు అది పట్టుకుని ఏడ్చేవాడివి కదా" అంది. "తీసేసుకుంటే ఇంకా ఏడుస్తావని."

కవ్వం పక్కన పెట్టేశాను. మనూయే మళ్లీ మాట్లాడింది. "తీగలది ఉంటుంది. బర్త్‌డే క్యాండిల్స్ డ్రాయర్‌లో." ఆ సొరుగు జనవరి నుంచి నేను తెరవలేదు. తెరిచాను. కొవ్వొత్తుల మీద గులాబీ రంగు కార్డు ఉంది. దాని కింద గిలక్కొట్టే తీగల విస్క్ ఉంది, లింజ్‌లో కొన్నది. కార్డు విప్పలేదు. అది మనూ వచ్చి చూపిస్తే చూస్తాను.

నిమ్మచెక్కతో గిన్నె రుద్దాను. తుడిచాను. గిలక్కొట్టడం మొదలుపెట్టాను. ముందు బుడగలు వచ్చాయి. తర్వాత తెల్లబడింది. తర్వాత గీతలు పడ్డాయి, ఆ గీతలు కలిసిపోకుండా నిలబడ్డాయి. నా చెయ్యి ఆగిపోయింది.

"తల మీద బోర్లించు" అంది మనూ.

"ఏంటీ?"

"అమ్మ నా తల మీద బోర్లిస్తుంది. పడకపోతే అయినట్టు. నువ్వు నీ తల మీద పెట్టుకో."

గిన్నె ఎత్తి తల మీద బోర్లించాను. కళ్లు మూసుకున్నాను. పడలేదు. ఫోన్‌లోంచి నవ్వు వినిపించింది. జనవరి తర్వాత దాని నవ్వు వినడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. గిన్నె నెత్తి మీద పెట్టుకుని వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి నవ్వాను.

కలిపాను. వెన్న వేశాను. పోశాను. పెనం అంచు దాటి లేచింది, దిండులాగా. అడుగు ఎర్రబడింది. తిప్పాను. రెండు ఫోర్కులతో చింపుతుంటే, "ఇంకా చిన్నవి నాన్నా, ఇంకా చిన్నవి" అని మనూ చెబుతూనే ఉంది. ఎండుద్రాక్ష వేశాను. చక్కెర జల్లాను. ప్లేటులో పెట్టి ఫోన్ ముందుకు తెచ్చాను.

మనూ అలవాటుగా ముక్కు ముందుకు పెట్టి, మళ్లీ వెనక్కు తీసుకుంది. "నువ్వు చూసి చెప్పు. అమ్మది లాగా ఉందా వాసన?"

ప్లేటు మీదికి వంగాను. ఆవిరి ముఖానికి తగిలింది, వెచ్చగా. గట్టిగా పీల్చాను. మళ్లీ పీల్చాను. పెనం వైపు తిరిగాను. అందులో వెన్న నల్లబడి పొగ వస్తోంది, స్టవ్ కట్టడం మర్చిపోయాను. పొగ కనిపిస్తోంది. అంతే, కనిపిస్తోంది.

"నాన్నా?"

"ఆఁ. అచ్చం అమ్మదేనమ్మా."

"తిను. నేను చూస్తాను."

తిన్నాను. మెత్తగా ఉంది. వేడిగా ఉంది. అంతకు మించి నోట్లో ఏమీ లేదు. దాని కళ్ల ముందే ప్లేటు ఖాళీ చేశాను.

"బాగుందా?"

"గ్రాండ్" అన్నాను.

అది సంతోషపడింది. "నువ్వు వచ్చాక ఇక్కడ కూడా చెయ్యి. పెద్దమ్మకి కూడా పెడదాం. మంగళవారం ఎక్కుతున్నావు కదా?"

"ఎక్కుతున్నాను."

"గడియ పెట్టే ఉంచుతాను" అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

రేపు పొద్దున టెస్టు. కాఫీ పొడి డబ్బా తెరిచి వాసన చూశాను. నిమ్మచెక్క నలిపి చూశాను. తర్వాత పై అరలోంచి ఇంగువ డబ్బా తీశాను. నీలిమ దాన్ని రెండు కవర్లలో చుట్టి, సీసాలో పెట్టి మూత బిగించేది. అయినా ఇల్లంతా కొడుతోందని నేను విసుక్కునేవాణ్ణి. కవర్లు విప్పి, మూత తీసి, ముక్కుకు ఆనించుకుని ఊపిరి బలంగా లాగాను.

ఏమీ లేదు.